సజ్జ జొన్న కందులు: మన డప్పు మీద దూరదేశాల వలయ నృత్యాలు నేర్పడం ఎలా

ముందు వాయించేవాళ్లను వెతకండి. నేర్చుకునేవాళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు. నల్లగొండలో నేను ఈ పనిని తలకిందులుగా మొదలుపెట్టి దెబ్బతిన్నాను కాబట్టి అన్నిటికంటే ముందు ఈ మాట చెబుతున్నాను.

ఆ రోజు కాలనీ పార్కులో పాతికమందిని పోగుచేసి, ఫోనుకు స్పీకరు తగిలించి, బల్గేరియా వలయ నృత్యం పాట పెట్టాను. అడుగులు అప్పటికే అరగంట సాధన చేయించి ఉన్నాను. వలయం కదిలింది, ఒక నిమిషం బాగానే నడిచింది. తర్వాత రికార్డు వేగం పుంజుకుంది. దాన్ని వాయించినవాళ్ల ఎదుట చిన్నప్పటి నుంచి ఆ అడుగు వేస్తున్నవాళ్లు ఉండి ఉంటారు. నా ఎదుట ఉన్నది మోకాళ్ల నొప్పుల పెద్దమ్మలు, ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన గుమస్తాలు. మూడో నిమిషానికి ఆరుగురు మిగిలారు. పక్క వీధిలో పెళ్లి ఊరేగింపు ఇంకా బయలుదేరక, గోడ మీద కూర్చుని ఇదంతా చూస్తున్న డప్పు కళాకారుడు ఒకాయన లోపలికి వచ్చాడు. "పాట ఆపండి సార్. కాలు ఎక్కడెక్కడ పడాలో ఒకసారి నడిచి చూపించండి, చాలు" అన్నాడు. చూపించాను. నా పాదాల మీది నుంచి చూపు తిప్పకుండా వాయించాడు. కూర్చున్నవాళ్లు లేచారు. ఊరేగింపు పిలుపు వచ్చి ఆయన వెళ్లేదాకా మళ్లీ ఎవరూ కూర్చోలేదు.

నిజానికి ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉండాలి. ఉద్యోగరీత్యా హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఉన్న రెండేళ్లలో నేను ఈ ఆటలు నేర్చుకున్నది రికార్డుల మీద కాదు. అక్కడ తాంత్స్‌హాజ్ అని ఉంటుంది, అంటే ఆటల ఇల్లు. ఇప్పటి రుమేనియాలో ఉన్న ట్రాన్సిల్వేనియాలోని సేక్ అనే పల్లెలో యువతీయువకులు ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, డబ్బు వేసుకుని వాయిద్యకారులను పిలిపించుకుని ఆడేవారు. ఆ పద్ధతినే నగరానికి తెచ్చి 1972 మే 6న బుడాపెస్ట్‌లో మొదటి తాంత్స్‌హాజ్ జరిపారు. 2011లో యునెస్కో దాన్ని పరిరక్షణకు మంచి పద్ధతుల పట్టికలో చేర్చింది. వేదిక ఉండదు. నేర్పేవారు, వాయించేవారు, ఆడేవారు అందరూ ఒకే నేల మీద ఉంటారు. అన్నీ అక్కడ చూసి వచ్చి, ఇక్కడ ఫోను బయటికి తీయడం నా బుద్ధితక్కువతనం.

వాయించేవాళ్లు ఎక్కడ దొరుకుతారు

మన జిల్లాల్లో ఈ ఒక్క విషయానికి కొదవ లేదు. డప్పు, డోలు, సన్నాయి ఉన్నాయి. పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఉంటుంది. భజన మండలిలో హార్మోనియం, తాళాలు, చర్చిలో కీబోర్డు వాయించే కుర్రవాడు ఉంటారు. వీళ్లలో ఇద్దరు చాలు: ఒకరు దరువుకు, ఒకరు రాగానికి. ఒక్కరే దొరికితే దరువు మనిషినే ఎంచుకోండి. రాగం లేకపోయినా ఆడవచ్చు, నోటితో పాడుకోవచ్చు. దరువు లేకపోతే వలయం ముక్కలవుతుంది.

డప్పు విదేశీ నృత్యాలకు ఎలా పొసగుతుందని అడిగేవాళ్లకు ఒక వివరం చెప్పండి. టర్కీలోనూ, బల్గేరియా, గ్రీసు వంటి బాల్కన్ దేశాల పల్లెల్లోనూ పెళ్లిళ్లకు వాయించే పెద్ద డోలును ఒకవైపు లావు కర్రతో, రెండోవైపు సన్నటి బెత్తంతో కొడతారు. లావు కర్ర అడుగు పడే చోటు చెబుతుంది, బెత్తం మధ్య ఖాళీలను నింపుతుంది. మన డప్పు కళాకారుడి కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల చేసేది ఆ పనే. ఆ డోలు పక్కన వాళ్లు ఊదే జుర్నా కూడా మన సన్నాయిలాగే జంట పీకల వాయిద్యం, ఆరుబయట పెళ్లి కోసం పుట్టిన గొంతు. సన్నాయి ఆయనకు బాల్కన్ రాగం ఒకటి వినిపిస్తే చాలాసార్లు మాయామాళవగౌళ పూర్వాంగం గుర్తుపట్టి తల ఊపుతాడు. స-రి-గ-మ ఆ నాలుగు మెట్లే అక్కడా వినిపిస్తాయి.

పిలిచే కాలం చూసుకోండి. మాఘంలోనో వైశాఖంలోనో, ముహూర్తాలు జోరుగా ఉన్నప్పుడు అడిగితే ఎవరూ రారు. ఆషాఢంలో, పుష్యంలో, మూఢాల్లో పెళ్లిళ్లు ఉండవు. అప్పుడు వాళ్లకు సాయంత్రాలు ఖాళీ, చేతిలో డబ్బూ తక్కువ. పదివారాల తరగతి పెట్టాలనుకుంటే ఆ రోజుల్లోనే మొదలుపెట్టండి. డబ్బు ముందే మాట్లాడుకుని బయానా ఇవ్వండి. "కళాసేవ కదా, టిఫిన్ పెడతాం" అనే మాట నోట రానివ్వకండి. నేర్చుకునేవాళ్ల దగ్గర మనిషికి ఇంత అని వసూలు చేసి, అందులో మొదటి వాటా వాయించేవాళ్లకు తీసి పక్కన పెట్టండి. మైకు, కుర్చీలు, బ్యానరు ఆ తర్వాతే. బ్యానరు లేకపోయినా ఏమీ కాదు.

తోలు డప్పు అయితే వాయించే ముందు మంట దగ్గర కాచుకోవాలి, మధ్యలో ఇంకోసారి కూడా. చాలా ఫంక్షన్ హాళ్లలో నిప్పు రాజేయనివ్వరు. బయట ఒక మూల ఎండుగడ్డి, పాత కాగితాలు సిద్ధం చేసి పెట్టండి, లేదా మరలు బిగించే ఫైబర్ డప్పు తెమ్మని ముందే చెప్పండి. నా చెవికి తోలుదే బాగుంటుంది. వానాకాలంలో మాత్రం ఫైబరే నయం.

తరగతికి వారం ముందు ఒక పూట వాయిద్యకారులతో విడిగా కూర్చోండి. స్వరాలు రాసిన కాగితం ఇవ్వకండి. పెళ్లి బ్యాండువాళ్లు సినిమా పాటలన్నీ చెవితోనే పట్టుకున్నవాళ్లు. రాగం ఫోనులో పంపి, రెండు రోజులు విననిచ్చి, తర్వాత మీరు నోటితో పాడి వినిపించండి. ఆ తర్వాత వాళ్ల ముందు మీరే అడుగులు వేయండి, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా. వాళ్లు నేర్చుకోవలసింది పాట కంటే మీ కాళ్లనే. అన్నా, రాగం తప్పినా పరవాలేదు కానీ కాళ్లు తప్పుతున్నవాళ్లను చూసి వేగం తగ్గించు అని ఒక్క మాట చెప్పి ఉంచండి.

గింజల లెక్క

బాల్కన్ నృత్యాలు నేర్పేటప్పుడు అందరూ జారిపడే చోటు ఇది. అక్కడి దరువుల్లో చాలావాటికి అడుగులన్నీ ఒకే పొడవు కావు. గ్రీసు కలమత్యానోస్ అనే ఆట ఏడు మాత్రలది, అంటే ఏడు సమానమైన చిన్న లెక్కలది: మూడు, రెండు, రెండు. బల్గేరియా రచెనిత్స కూడా ఏడే, కానీ రెండు, రెండు, మూడు. అదే దేశపు పైదుష్కో అయిదు: రెండు, మూడు. పాశ్చాత్య పాఠాల్లో దీన్ని పెద్ద గండంలా చెబుతారు. మనకు అంత భయం అక్కర్లేదు. మన కర్ణాటక సంగీతంలో తకిట తకధిమి, అంటే మూడు, నాలుగు అన్న మిశ్రచాపు తాళంలో ఆ నాలుగును రెండు రెండుగా విరిస్తే కలమత్యానోస్ దరువే. రచెనిత్స దానికి విలోమం. పైదుష్కో అచ్చంగా ఖండచాపు తాళం, తక తకిట.

అయితే మీ తరగతికి వచ్చేవాళ్లలో ఎంతమందికి సంగీతం పాఠం తెలుసు? నాకు వచ్చినవాళ్లలో ఇద్దరికి. ఒకటి రెండు మూడు అని అంకెలు లెక్కపెట్టించాను. తెలుగు అంకెలు ఒక్కోటి ఒక్కో పొడవు, ‘ఏడు’ దగ్గరికి వచ్చేసరికి కాలు గాలిలో ఉండేది. చివరికి గింజల పేర్లు పెట్టుకున్నాను. పాలమూరు, నల్లగొండ మెట్ట నేలల్లో పండేవి, అందరి నోళ్లలో ఉన్నవి.

రెండక్షరాల గింజ అంటే రెండు మాత్రల అడుగు: సజ్జ, జొన్న, కొర్ర. మూడక్షరాల గింజ అంటే మూడు మాత్రల అడుగు: కందులు. ఇక ఏ దరువైనా మూటలో వేసుకోవచ్చు.

కలమత్యానోస్: కందులు సజ్జ జొన్న.
రచెనిత్స: సజ్జ జొన్న కందులు.
పైదుష్కో: జొన్న కందులు.
తొమ్మిది మాత్రల దైచోవో: సజ్జ జొన్న కొర్ర కందులు.
పదకొండు మాత్రల కోపనిత్స: సజ్జ జొన్న కందులు సజ్జ జొన్న.

నియమం ఒక్కటే: ప్రతి గింజ మొదటి అక్షరం మీద ఒక అడుగు. మిగతా అక్షరాలు పలుకుతూ ఆ కాలి మీదే ఉండాలి. పలికేటప్పుడు జాగ్రత్త, మామూలుగా మాట్లాడినట్టు ‘సజ్-జ’ అని మొదటి అక్షరాన్ని సాగదీస్తే లెక్క చెడుతుంది. బడిలో పిల్లలు ఎక్కాలు చదివినట్టు అన్ని అక్షరాలనూ సమానంగా, పొడిపొడిగా పలికించండి. ముందు కూర్చోబెట్టి పలికించండి. తర్వాత తొడ మీద చరుస్తూ. తర్వాత నిలబడి, వలయం లేకుండా, ఎవరి చోట వాళ్లు. అప్పుడు డప్పును పిలవండి: గింజ మొదటి అక్షరానికి చిర్ర, మిగతా అక్షరాలకు చిటికెన పుల్ల. ఈ మాట చెప్పిన అరనిమిషంలో మా డప్పు అన్న నాకంటే శుభ్రంగా రచెనిత్స వాయించాడు, పైగా చివరి కందులులో ఒక దెబ్బ ఎగరగొట్టి అందం చేశాడు. అంతవరకు తప్పులు వేస్తున్న పిల్లలు ఆ ఖాళీ దగ్గర తమంతట తామే ఎగిరారు. రచెనిత్సలో ఎగరవలసిన చోటే అది.

మొదటి సాయంత్రానికి మూడు చాలు

ప్రావో హోరో. బల్గేరియాది. పేరుకు అర్థం ‘తిన్నని’ ఆట. కుడి, ఎడమ, కుడి వేసి ఆగు, ఎడమ వేసి ఆగు. ఆరు లెక్కలు, అంతే. వలయం మధ్యకు ముఖం పెట్టి, మొదటి మూడు అడుగులు కుడివైపు ఏటవాలుగా లోపలికి, చివరిది వెనక్కి. థ్రేస్ ప్రాంతంలో దీన్ని తిశ్ర నడకలో, అంటే మూడేసి మాత్రల నడకలో వాయిస్తారు కాబట్టి మీ భజన మండలికి తెలిసిన తిశ్రం పాట ఏదైనా దీనికి సరిపోతుంది. అప్పుడు మాత్రం అడుగు బల్గేరియాది, పాట మనది అని నోరు విప్పి చెప్పండి. ఒక చిక్కు ఎదురవుతుంది: అడుగుల వరుస ఆరు లెక్కలు, రాగం వరుస ఎనిమిది. పాట మొదటికి వచ్చినప్పుడు కాళ్లు మధ్యలో ఉంటాయి. తప్పు వేశామేమోనని తెలివైనవాళ్లే ముందు ఆగిపోతారు. ఇరవై నాలుగు లెక్కలకు రెండూ మళ్లీ కలుస్తాయని, అంతవరకు ఎవరి దారిన వాటిని పోనివ్వమని ముందే చెప్పాలి.

ఆన్ ద్రో. ఫ్రాన్స్ పశ్చిమాన బ్రెటన్ పల్లెలది. పక్కవారి చిటికెన వేలికి మీ చిటికెన వేలు కొక్కెంలా తగిలించాలి. ఎడమ, కుడి చేర్చు, ఎడమ, ఆగు. ఇక కదలకుండా ఉన్నచోటే కుడి, ఎడమ, కుడి, ఆగు. కాళ్లు కుదిరాక చేతులు: మొదటి సగంలో లోపలివైపు చుట్టాలి, రెండో సగంలో బయటికి విప్పాలి. దీనికి వాయిద్యం లేకపోయినా పరవాలేదు. బ్రెటన్లు ఇద్దరు గాయకులతోనే ఆడతారు. ఒకరు చరణం పాడతారు, దాని చివరి మాటలు ఇంకా నోట్లో ఉండగానే రెండోవారు అందుకుని అదే చరణం తిరిగి పాడతారు. ఆట ఆగదు. వాళ్లు రాత్రిపూట జరుపుకునే ఈ ఆటల సంబరం, ఫెస్ట్‌నోజ్, 2012లో యునెస్కో జాబితాకు ఎక్కింది. బతుకమ్మ దగ్గర పాట అందించే అక్క ఒకరు, ఉయ్యాలో అని అందుకునే గుంపు ఒకటి ఉన్న ఊళ్లో ఈ పద్ధతి వివరించడానికి రెండు నిమిషాలు పట్టదు. మిర్యాలగూడ నుంచి వచ్చే ఒక పెద్దమ్మ రెండోవారం నుంచి నన్ను పక్కకు నెట్టి తనే పాడించడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఒక హద్దు. బతుకమ్మ చుట్టూ మాత్రం ఈ అడుగులు వేయించకండి. అది పూజ. పార్కులో ఆదివారం ఆట వేరు.

మూడోది కలమత్యానోస్. పన్నెండు అడుగులు, కందులు సజ్జ జొన్న నాలుగుసార్లు. మొదటి ఆవర్తనం: కుడికాలు కుడిపక్కకు, ఎడమ దాని వెనకగా, కుడి పక్కకు. రెండోది: ఎడమకాలు ముందుగా దాటించి, కుడి పక్కకు, ఎడమ మళ్లీ ముందుగా. మూడోది: కుడి పక్కకు, ఎడమ ముందుగా, బరువు తిరిగి వెనకనున్న కుడికాలి మీదికి. నాలుగోది వెనుదిరుగుడు: ఎడమ పక్కకు, కుడి ముందుగా దాటించి, బరువు మళ్లీ ఎడమ మీదికి. నాలుగోది వేరే గదిలో నేర్పినట్టు విడిగా పదిసార్లు చేయించండి. అందరూ అక్కడే కుడికి ఉరికి పక్కవారి పాదం తొక్కుతారు.

గ్రీకు ఆట సిర్తాకి నేర్పమని తప్పకుండా ఎవరో అడుగుతారు. అది పల్లెల్లో పుట్టింది కాదు, హసాపికో అనే పాత ఆటను ఆధారం చేసుకుని 1964లో ఒక సినిమా కోసం కూర్చింది. అయినా నేర్పండి, తప్పు లేదు. నెమ్మదిగా మొదలై పరుగందుకునే ఆట కాబట్టి అయిదారు వారాల తర్వాత మీ డప్పు కళాకారుడికి పండగలా ఉంటుంది.

నేల, చేతులు, మీరు నిలబడే చోటు

సిమెంటు నేల మీద గంటసేపు ఎగిరితే మర్నాడు పిక్కలు పట్టేస్తాయి. బడి ఆవరణలోని మట్టినేల మేలు. గంట ముందు కళ్లాపి చల్లితే దుమ్ము లేవదు. ఎక్కువ చల్లితే జారుతుంది. ఎండాకాలంలో ఆరింటికి ముందు మొదలుపెట్టకండి, నల్లగొండ నేల అప్పటికీ కాళ్లు కాలుస్తూనే ఉంటుంది. చీర కట్టుకున్నవారు కొంగు దోపుకోవాలి, కుచ్చిళ్లు కాస్త పైకి. వాళ్ల కోసమే అడుగులు చిన్నవి చేయండి, పెద్ద అడుగుల వల్ల వచ్చే అందం ఏమీ లేదు.

చేతులు పట్టుకోవడం దగ్గర ఇబ్బంది వస్తుంది. రాదని నటించకండి. పరాయి మగవాడి చేయి పట్టుకోవడానికి చాలామంది ఆడవాళ్లు ఇష్టపడరు, పట్టుకున్నవారిని చూసి గోడ అవతల మాటలు పుడతాయి. నా పరిష్కారం చేతిరుమాళ్లు. ఇద్దరి మధ్య ఒక రుమాలు, చెరొక కొస. ఇది మనం కనిపెట్టిన అడ్డదారి కూడా కాదు, గ్రీకు నృత్యంలో వరుస నడిపే మనిషి రెండోవారితో రుమాలుతోనే ముడిపడి ఉంటాడు. అంతకంటే చేదైన ఇబ్బంది ఇంకొకటి ఉంది: ఫలానావారి పక్కన నిలబడనని చోటు మార్చుకునేవారు. రుమాలుతో పరిష్కారమయ్యేది కాదు అది. నా తరగతిలో వలయం ఎవరు ఎక్కడ అన్నది చీటీలు తీసి నిర్ణయిస్తాను, వాయించేవాళ్లు ఆడాలనుకుంటే వాళ్ల పేర్లూ చీటీల్లో ఉంటాయి. ఇష్టంలేని ఇద్దరు ముగ్గురు మానేశారు. మానేయనిచ్చాను.

నేర్పేటప్పుడు వలయం మధ్యలో నిలబడకండి. అక్కడ నిలబడితే ఎదుటివారికి మీ కుడి ఎడమగా, వెనకవారికి మీ వీపుగా కనిపిస్తుంది. సగంమంది తప్పు వేస్తారు, తప్పు మీదే అవుతుంది. వలయంలోనే చేరి, పక్కవారి రుమాలు పట్టుకుని వేయండి. ప్రతి పావుగంటకు చోటు మారండి. వాయించేవాళ్లను మాత్రం మధ్యలో కూర్చోబెట్టండి, అందరి పాదాలూ వాళ్లకు కనబడాలి. ఒక డప్పుకు పాతికమంది సరిపోతారు. అంతకు మించితే లోపల ఇంకో వలయం వేయండి, పిల్లలను అందులో పెట్టండి.

ఒక సాయంత్రం నడిపే తీరు

మొదటి పదినిమిషాలు మాట్లాడకండి. ప్రావో హోరో దరువు మొదలుపెట్టించి మీరు నడవండి, వచ్చినవారు వచ్చినట్టు వెనక చేరతారు. తర్వాత ఒక కొత్త ఆట. ముందు గింజలు పలకడం, ఆపై డప్పు ఒక్కటే, కాళ్లు కుదిరాకే రాగం. సన్నాయి చేరగానే అందరి ధ్యానం అటు పోయి అడుగులు చెదురుతాయి. కంగారుపడి ఆపించకండి, రెండు ఆవర్తనాల్లో సర్దుకుంటాయి. తర్వాత విశ్రాంతి, మంచినీళ్లు, డప్పు కాచుకోవడం. ఆ వ్యవధిలో ఆట పుట్టిన ఊరి గురించి నాలుగు మాటలు చెప్పవచ్చు. నాలుగే. పటం గీసి ఉపన్యాసం ఇచ్చిన రోజు నా వలయం విశ్రాంతి నుంచి తిరిగి రాలేదు.

ముగించే సైగ ముందే ఒప్పుకుని ఉంచండి. ఒకసారి నేను మరిచిపోయాను. ఎవరు ముందు ఆపుతారో తెలియక వాళ్లు వాయిస్తూనే ఉన్నారు, మేము ఆడుతూనే ఉన్నాం, ఇరవై నిమిషాల తర్వాత ఒక పెద్దాయన నేల మీద చతికిలబడితే అందరమూ ఆగాం. ఇప్పుడు నేను పిడికిలి పైకెత్తితే ఇంకా రెండు ఆవర్తనాలని అర్థం. పరిచిన అరచేయి కిందికి దించితే నెమ్మదించమని.

మైకు పెట్టకండి. డప్పు, సన్నాయి ఉన్నచోట దాని అవసరం లేదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరుదాకా లౌడ్‌స్పీకర్లపై 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ఆంక్షలు ఎలాగూ ఉన్నాయి. మైకు లేకపోయినా ఎనిమిదిన్నరకు ముగిస్తే ఇరుగుపొరుగు మీ వైపు ఉంటారు.

చివరి అరగంట మీరు నేర్పకండి, నేర్చుకోండి. వచ్చినవారిలో కోలాటం కోపులు తెలిసినవారు ఉంటారు. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చిన అమ్మాయిలుంటే తీజ్ పండగ రోజుల్లో గోధుమ మొలకల బుట్టల చుట్టూ తాము వేసే అడుగు చూపిస్తారు. జడ కోలాటం ఆడించగల గురువు దొరికితే మరీ మంచిది. ఇంగ్లండులో మేపోల్ స్తంభానికి రిబ్బన్లు అల్లేది కూడా సగంమంది ఇటు, సగంమంది అటు తిరుగుతూ, ఒకరి మీదుగా ఒకరి కిందుగా దూరే ఆ జడ పద్ధతిలోనే. ఆ గురువు నడిపిస్తే మేపోల్ మీరు వేరుగా నేర్పవలసిన పనే ఉండదు.

ఆఖరి బస్సు వేళ కనుక్కుని దానికి ఇరవై నిమిషాల ముందు పిడికిలి ఎత్తండి. వాయించేవాళ్ల డబ్బు లెక్కపెట్టి ఇచ్చిన తర్వాతే రుమాళ్లు పోగుచేయండి. పాతిక రుమాళ్లతో మొదలుపెడితే ప్రతి వారం రెండు తగ్గుతాయి, కాబట్టి నలభై కొనండి.